కాచి, వడపోసి తాగిన నీళ్ళు

ఉదయం ఐదున్నరకు మా అక్క నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. అందులో విశేషమేమీ లేదు. ఏళ్ళ తరబడి రోజూ అదే వేళకు పెట్టేది. ఆ రోజు గుర్తుండిపోవడానికి కారణం ఒకటే. అంతకు ముందురోజే ఇత్తడి అండాకు కళాయి పూయించాము. లోపల కొత్త కళాయి తెల్లగా మెరుస్తుంటే అక్క నన్ను పిలిచింది.

"దా పాపా, చూడు. మొగం కనపడతా ఉండాది."

వంగి చూశాను. ఇద్దరి ముఖాలూ కనిపించాయి. తర్వాత ఆమె నీళ్ళు పోసింది. అది 1981, తమిళ లెక్కలో ఆడి నెల, మనకు జూలై.

నాకు అప్పటికి నలభై దాటాయి. అయినా అక్కకు నేను పాపనే. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మాది నేత కుటుంబం. బావ మగ్గం నేసేవాడు, అక్క కండెలు చుట్టేది. నేను తిరువళ్ళూరులో ఒక చిన్న గ్రంథాలయంలో పని చేస్తాను. తిరుత్తణిలో రైలెక్కి పొద్దున వెళ్ళి, దీపాల వేళకు తిరిగి వస్తాను. పెళ్ళి చేసుకోలేదు. బావ పోయిన తర్వాత ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

బావ పోయింది నీళ్ళ వల్లే. ఒక ఏడు ఆడి కృత్తిక జాతరకు తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకొచ్చిన జనంతో ఊరు నిండిపోయినప్పుడు, దారిలో ఎక్కడో దాహం వేసి ఎవరో పోసిన నీళ్ళు తాగాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు సాయంత్రానికి మనిషి లేడు. ఆ తర్వాత అక్క దేవుడిని అడగడం తగ్గించి నీళ్ళను పట్టుకుంది.

ఆమె పద్ధతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వీధి బావి నుంచి తెచ్చిన నీళ్ళను ముందు బట్టలో వడకట్టేది. అండాలో పోసి తెర్లే దాకా కాచేది. మూత పెట్టి సాయంత్రం దాకా ఆ అండాలోనే ఉంచేది, మడ్డి ఏమైనా ఉంటే అడుక్కు దిగుతుందని. చీకటి పడ్డాక ఆ నీళ్ళను ఫిల్టరులో పోసేది. నేను మద్రాసు నుంచి తెచ్చిన రెండంతస్తుల స్టీలు ఫిల్టరు అది. పై గిన్నెలో తెల్లటి పింగాణీ క్యాండిళ్ళు రెండు ఉంటాయి. నీళ్ళు వాటి గుండా ఊరి చుక్కచుక్కగా కింది గిన్నెలోకి దిగుతాయి. శుక్రవారం శుక్రవారం క్యాండిళ్ళు తీసి బ్రష్షుతో రుద్ది, వేడినీళ్ళలో వేసేది. అండాను రోజూ చింతపండుతో లోపలా బయటా తోమేది. ఏటా ఆడి కృత్తికకు ముందు దానికి కొత్త కళాయి పూయించేది, జాతరకు వచ్చే రోగాలు ఇంట్లోకి రాకూడదని. ఆ ఏడు రెండు పూతలు వేయించింది.

పక్కింటి కనకమ్మ బావి నీళ్ళు చేదుకుని మట్టికుండలో పోసుకుని తాగేది. ఆమెకు మా నీళ్ళంటే నవ్వు.

"మీ అక్క నీళ్ళకి కూడా పరీచ్చ పెట్టి, పాసయితేనే లోపలికి రానిస్తాది మే," అనేది నాతో.

"నువ్వు తాగు తల్లీ, కప్పల్తో సహా తాగు," అనేది అక్క లోపలి నుంచి.

"కప్ప బతికిండే నీళ్ళే మంచివి. నువ్వు చంపి పెట్టిన నీళ్ళల్లో కప్ప యాడుంటాది?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను కూడా నవ్వేదాన్ని.

అక్టోబరులో ఐప్పసి వానలు మొదలయ్యేసరికి నాకు కడుపునొప్పి వచ్చింది. తిన్నదానివల్ల వచ్చే నొప్పిలా లేదు. బొడ్డు చుట్టూ ఎవరో బట్ట పిండినట్టు మెలిపెట్టి, వదిలి, మళ్ళీ పట్టుకునేది. గట్టిగా నొక్కితే కొంచెం నయం అనిపించేది. రైల్లో సంచిని పొట్టకు అదుముకుని వంగి కూర్చునేదాన్ని. తిరువాలంగాడు దాటేటప్పటికి నొప్పి వదిలితే ఆ రోజు అదృష్టం. విరేచనం రోజుల తరబడి అయ్యేది కాదు. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఒక రుచి ఉండేది. కాఫీలో ఉండేది, మజ్జిగలో ఉండేది, నిద్ర లేచినప్పుడూ ఉండేది.

అక్కకు కూడా నొప్పి ఉండేది. ఆమె చెప్పలేదు. వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి ఉండగా చూసి అడిగితే, "సుమ్మా, ఊరికే నిలబడినా," అనేది.

ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళాము. పెద్దాయన, మంచివాడు. మాకంటే ముందు వచ్చినవాళ్ళంతా జ్వరాలవాళ్ళు. వానాకాలం కదా. ఆయన నా పొట్ట నొక్కి చూసి, కడుపులో పుండు అయి ఉంటుందన్నారు. కారం మానమన్నారు. వేళకు తినమన్నారు. "నీళ్ళు బాగా తాగండి. కాచి, వడపోసి తాగండి," అన్నారు.

బయటికి వచ్చాక అక్క ముఖం చూశాను. చాలా రోజుల తర్వాత అందులో ఒక తృప్తి కనిపించింది. తాను చేస్తున్నదే డాక్టరు నోట వచ్చింది. ఆ రోజు నుంచి నాకు రోజూ సీసా నిండా నీళ్ళు పోసి ఇచ్చి, సాయంత్రం సీసా ఖాళీ అయిందా లేదా అని చూసేది. అంతకు ముందు నేను పగలంతా గ్రంథాలయంలో ఉన్న కుండ నీళ్ళే తాగేదాన్ని. పిత్తానికి మంచిదని ఎవరో చెప్తే నీళ్ళు కాగేటప్పుడు అండాలో నిమ్మచెక్కలు కూడా వేయడం మొదలుపెట్టింది. నొప్పి పెరిగింది. పెరిగిన కొద్దీ నీళ్ళు ఇంకా ఎక్కువ తాగాము.

అమావాస్యకు అక్క నాతో తిరువళ్ళూరు వచ్చి వీరరాఘవ స్వామికి మొక్కుకుంది. ఆయన వైద్యుడని పేరు. వరసలో నిలబడలేక మధ్యలో కూర్చుండిపోయింది. ఎవరో ముసలామె తన పక్కన చోటిచ్చి, విసనకర్రతో విసిరింది. ఆమె పేరు అడగలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు పదునెక్కాయి. అక్క జీవితంలో నా మీద గొంతు ఎత్తిన మనిషి కాదు. ఇప్పుడు చారులో ఉప్పు తక్కువైందంటే గరిటె కింద పెట్టి చూసేది. ఒకనాడు, ఇన్ని నీళ్ళు తాగలేనని సీసా సగంతో తిరిగొచ్చాను.

"నీకు రైలుండాది, ఉద్యోగముండాది, పుస్తకాలుండాయి," అంది. "నాకు ఈ బిందె, ఈ అండా తప్ప ఏముండాది? దాంట్లో కూడా వంక పెడతావా?"

 సీసాలో మిగిలింది ఆమె ఎదుటే తాగేశాను. ఆమెది తెచ్చిపెట్టుకున్న కోపం కాదు. ఆ చిరాకు కూడా జబ్బులో భాగమని తర్వాత మద్రాసు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు మాకు తెలియదు కాబట్టి ఒకరినొకరం బాధ పెట్టుకున్నాము.

సంక్రాంతికి ముందు, మార్గళి నెలలో నా కుడిచేయి వేలాడింది. నొప్పి లేదు. మణికట్టు పైకి లేవదు, అంతే. పుస్తకం ఇచ్చేటప్పుడు తేదీ ముద్ర వేయాలి. ముద్ర ఎత్తగలిగాను గానీ, నిటారుగా దించలేకపోయాను. అది పక్కకు వాలి సగం తేదీ మాత్రమే పడింది.

అటెండరు రంగన్న చూశాడు. "ఏం మేడం, ముద్ర గుద్దమంటే ముద్దు పెట్టిస్తా ఉండారే?" అన్నాడు నవ్వుతూ. నేను మళ్ళీ వేశాను. మళ్ళీ సగమే పడింది. అతని నవ్వు ఆగిపోయింది. కుర్చీ నా పక్కకు జరుపుకుని ముద్ర తను తీసుకున్నాడు. ఆ తర్వాత నేను బాగయ్యే దాకా ముద్రలన్నీ అతనే వేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి అతనితో నేనెప్పుడూ మాట్లాడలేదు.

సంక్రాంతి దాటాక, తై నెలలో మద్రాసు పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆసుపత్రిలో రోగి చేసే పని ఎదురు చూడటమే. బెంచీ మీద కూర్చోవడం, పిలుపు వచ్చినప్పుడు ఇంకో బెంచీ మీదికి మారడం. గోడకు మనుషుల తలలు ఆనించీ ఆనించీ ఒక నల్లటి చార ఏర్పడి ఉంది. నేనూ అక్కడే ఆనించాను.

నా పక్కన ఊత్తుకోట నుంచి మొగుణ్ణి తీసుకొచ్చిన ఒకామె కూర్చుంది. నా నోట తెలుగు మాట విని, "మనూరి వైపా అక్కా?" అని పలకరించింది. నాకు ఒక కమలాపండు ఇచ్చింది. దాని తొక్క తీయలేక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె నా చేతి వైపు చూసి, పండు తిరిగి తీసుకుని, ఒలిచి, తొనలు విడదీసి నా ఎడమచేతిలో పెట్టింది.

"ఇంద, తిను. సిగ్గెందుకు? ఈడ చేతులూ కాళ్ళూ బాగుండేవాళ్ళు ఎవురొస్తారు?"

లోపల ఉన్న డాక్టరు నాకంటే చిన్నది. చేయి చూసింది. కళ్ళు చూసింది. నోరు తెరవమని చిగుళ్ళ మీద టార్చి వేసింది. అలాగే ఉండమని చెప్పి ఇంకో డాక్టరును పిలిచి చూపించింది. పళ్ళ మొదట్లో నీలం కలిసిన నల్లటి గీత ఉందట. నేను అద్దంలో రోజూ చూసుకుంటూనే ఉన్నాను, పళ్ళపొడి మరక అనుకున్నాను.

ఆమె తమిళంలో అడిగింది. రంగుల పని చేస్తారా? బ్యాటరీల పనా? అచ్చుల కార్ఖానాలోనా? గ్రంథాలయం అన్నాను. 

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అక్క ఉంది."

"ఆమెకూ కడుపునొప్పి ఉందా?"

ఉందన్నాను. ఎల్లుండి ఆమెను కూడా తీసుకురమ్మంది. నా ఒంట్లో సీసం చేరిందని అప్పుడు చెప్పింది. సీసం అన్న మాట నేను పుస్తకాల్లో చదివినదే. అది మనిషి ఒంట్లోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

అక్క రానంది. చీర కట్టుకుని గడప దగ్గర నిలబడి మళ్ళీ రానంది. కనకమ్మ వచ్చి, "నువ్వు పోకపోతే నీ అండాలో నేను కాళ్ళు కడుక్కుంటా," అని బెదిరించి పంపింది. అక్క చిగుళ్ళలో గీత నాకంటే నల్లగా ఉంది. రక్తపోటు ఎక్కువగా ఉంది. మూత్రపిండాలు దెబ్బ తిన్నాయి. అవి ముందే బలహీనంగా ఉండి ఉంటాయనీ, సీసం మిగతా పని చేసిందనీ డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది.

ఏం తింటారు, ఏం తాగుతారు, ఎందులో వండుతారు అని అడుగుతూ వచ్చింది. అక్క కోసం ఆమె తెలుగులోకి మారింది, మద్రాసు యాసతో. నీళ్ళ దగ్గరికి రాగానే అక్క కూర్చున్నచోటే నిటారయింది.

"మా నీళ్ళ గురించి మీరు అడగబళ్ళేదు తల్లీ. బట్టలో పోస్తా, కాస్తా, తేటదేరస్తా, మళ్ళా ఫిల్టర్లో పోస్తా. మా వీధిలో అట్టాంటి నీళ్ళు ఎవురూ తాగరు."

"దేంట్లో కాస్తారు?"

"ఇత్తడి అండాలో. ఏటేటా కళాయి పూపిస్తా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

మూడు సీసాల్లో నీళ్ళు తెమ్మంది. ఒకటి బావి నుంచి నేరుగా. రెండోది అండాలో కాచి సాయంత్రం దాకా నిలిచినవి. మూడోది ఫిల్టరు కింది గిన్నెలోవి. నేను తెచ్చి ఇచ్చాను. వాటిని ఎక్కడికో పరీక్షకు పంపించారు. ఫలితం వచ్చేదాకా ఏది తాగాలో తెలియక కనకమ్మ కుండ నుంచి తెచ్చుకున్నాము. కనకమ్మ ఆ రోజుల్లో ఒక్క మాట కూడా ఎగతాళి చేయలేదు. అది చూసే నాకు భయం వేసింది.

బావి నీళ్ళలో చెప్పుకోదగ్గ సీసం లేదు. అండా నీళ్ళలో ఉంది. ఫిల్టరు నీళ్ళలోనూ దాదాపు అంతే ఉంది.

అక్క నమ్మలేదు. అండా సంగతి ఒప్పుకుంది. తగరం పూయాల్సినవాడు సీసం కలిపి ఉంటాడని ఒప్పుకుంది. ఫిల్టరు సంగతే ఒప్పుకోలేదు.

"అండాలో చెడితే చెడనీ. తరవాత ఫిల్టర్లో పోస్తాగదా. అది ఏమిటికి మరి?"

డాక్టరమ్మకు ఆ రోజు బయట ఇంకా చాలామంది ఉన్నారు. అయినా నెమ్మదిగానే చెప్పింది. "మీ ఫిల్టరు మంచిదేనమ్మా. మట్టిని ఆపుతుంది. రోగాల పురుగుల్లో చాలావాటిని ఆపుతుంది. సీసం పొడిపొడిగా తేలుతుంటే దాన్నీ కొంత ఆపుతుంది. మీ నీళ్ళలో అది కరిగిపోయి ఉంది. నిమ్మచెక్క వేశారు కాబట్టి ఇంకా కరిగింది. కరిగినదాన్ని ఆ క్యాండిలు ఆపలేదు. కాచినా పోదు. కాచేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, సీసం తగ్గదు. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంటికి పోయి ఫిల్టరులో ఉప్పునీళ్ళు పోసి చూడండి."

 ఇల్లు చేరాక అక్క చీర కూడా మార్చుకోలేదు. గుప్పెడు ఉప్పు తీసి చెంబు నీళ్ళలో కలిపింది. కరిగే దాకా చేత్తో తిప్పింది. ఫిల్టరు పై గిన్నె ఖాళీ చేసి అందులో పోసి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. నేను గోడకు ఆనుకున్నాను. కనకమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. ముగ్గురం చుక్కల చప్పుడు వింటూ ఉన్నాము. 

కింది గిన్నెలో కొంచెం చేరాక అక్క కుళాయి తిప్పి గ్లాసులో పట్టింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వెలుతురుకు పెట్టి చూసింది. వాసన చూసింది. నోట్లో పోసుకుంది.

"ఉప్పగా ఉండాది," అంది.

మళ్ళీ తాగి చూసింది. గ్లాసు నాకు ఇచ్చింది. ఉప్పగానే ఉన్నాయి. కనకమ్మ అందుకుని ఆమె కూడా తాగింది.

"చారు పెట్టుకోవచ్చు మే దీంతో," అంది.

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చాలాసేపటికి, "మీ బావని దోవలో నీళ్ళు తీసుకపాయ," అంది. "నిన్ను నేనే..."

"లేదక్కా. ఇది ఈ యేటి కళాయి వల్ల వచ్చింది. ముందు బాగానే ఉన్నాం కదా."

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, నేను అన్నది విన్నట్టు.

ఆ తర్వాతి నెల, మాసిలో నేను కళాయి పూసే మస్తాన్ సాయబును వెతుక్కుంటూ వెళ్ళాను. ఏం అడగాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆయన బజారు చివర చెట్టు నీడన కొలిమి పెట్టుకుని కూర్చుంటాడు. మా చిన్నప్పటి నుంచి ఆ ఇంటివాళ్ళే కళాయి పూసేది. నన్ను చూసి, "దామ్మా, గిన్నెలు తెచ్చినావా?" అని కుడిచేయి ఎత్తాడు. మణికట్టు నుంచి కిందికి అది నా చేయి లాగే వేలాడింది. కొలిమి తిత్తి నొక్కుతున్నది ఎడమచేత్తో.

నేను కూడబలుక్కున్నది పోయింది. నా చేయి చాచి చూపించాను. ఆయన దాన్నీ, తన చేతినీ మార్చి మార్చి చూశాడు.

"నీకెట్ట వచ్చిందమ్మా? నువ్వు నిప్పు కాడ కూచునేదానివి కాదే?"

సీసం కలుపుతున్నారా అని అడిగాను. ఆయన దాచలేదు. "ఈ మధ్య తగరం యాడ దొరకతా ఉండాది? అచ్చాఫీసోళ్ళు పారేసే పాత సీసం అచ్చరాలు కొంచెం కలపతాం. పూత నున్నగా పాకతాది. అందరూ చేసేదే కదమ్మా. మీ అక్క రెండు పూతలు అడిగింది, రెండూ బాగా వేసినా." మెచ్చుకుంటానేమో అన్నట్టు చూశాడు.

డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆయన కొలిమి తిత్తి మీద నుంచి చేయి తీసేశాడు. మా ఇంట్లో ఎవరికెలా ఉందో అడిగాడు. అక్క సంగతి చెప్తే తల వంచుకున్నాడు. నేను తిట్టలేదు. తర్వాతి వారం నేను మందుకు వెళ్ళినప్పుడు ఆయన్ను కూడా వెంట తీసుకెళ్ళాను. రైల్లో ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాము.

ఆసుపత్రిలో నాకు సూదులు వేశారు. అవి వేసిన రోజు ఒళ్ళంతా బరువుగా, నోరు చేదుగా ఉండేది. మరుసటి నెల, పంగుని వచ్చేసరికి కడుపునొప్పి పోయింది. చేయి మాత్రం నెమ్మదిగా వచ్చింది. ముందు వేళ్ళు కదిలాయి, తర్వాత మణికట్టు కొంచెం లేచింది. అక్కకు ఆ మందు ఎక్కువ ఇవ్వలేకపోయారు. ఆమె మూత్రపిండాలు తట్టుకోలేవన్నారు. కాళ్ళు వాచాయి. కొన్నాళ్ళు ఆసుపత్రిలో, కొన్నాళ్ళు ఇంట్లో ఉండేది.

ఇంట్లో ఉన్నప్పుడు ఒకరోజు వీధిలో, పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇస్తామంటూ బండివాడు వచ్చాడు. ఆ కాలంలో ఇళ్ళలో ఇత్తడంతా అలాగే వెళ్ళిపోతోంది. కనకమ్మ లోపలికి వచ్చి, "ఆ అండా కంటి ముందర ఏమిటికి? ఇచ్చేసెయ్. మంచి స్టీలు బిందె వస్తాది," అంది.

అక్క మంచం మీద లేచి కూర్చుంది. "వాడేం చేస్తాడు దాన్ని?"

"అమ్ముకుంటాడు."

"ఎవురికి?"

కనకమ్మ వీధిలో బండి వైపు చూసింది.

"వద్దు. ఎవురో కొనుక్కోని నీళ్ళు కాస్తారు. పిల్లోళ్ళు తాగతారు." నా వైపు తిరిగింది. "పాపా, అడుగున బొక్క కొట్టించు. నేనుండంగానే."

మస్తాన్ సాయబే వచ్చాడు. పెరట్లో అండాను బోర్లించి, అడుగున ఉలి పెట్టాడు. సుత్తి ఎత్తాలంటే కుడిచేయి రాలేదు, ఎడమచేత్తో గురి కుదరలేదు. ఉలి నేను పట్టుకున్నాను. నా పట్టు గట్టిది కాదు. రెండు దెబ్బలు జారాయి. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ఇత్తడి చీలింది. అక్క వాకిట్లో కుర్చీలో కూర్చుని చూసింది. ఆయన వెళ్తూ ఆమె ముందు నిలబడ్డాడు.

"నువ్వు సూదులు ఏపిచ్చుకుంటా ఉండావా సాయబూ?" అని అడిగింది.

"ఏపిచ్చుకుంటా ఉండానమ్మా."

"మానబాక."

ఆయనతో ఆమె మాట్లాడింది అంతే.

చిత్తిరై ఎండల్లో అక్కను మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాము. ఆమెకు నీళ్ళు కొలిచి ఇవ్వమన్నారు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదు. జీవితమంతా నీళ్ళ చుట్టూ తిరిగిన మనిషికి గుక్కెడు గుక్కెడుగా ఇవ్వడం నా పని అయింది. ఇంటి నుంచి స్టీలు సీసాలో తీసుకెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం గ్లాసులో పోసి అందించాను. పట్టుకోలేదు. నా ముఖం చూసింది.

"కాచినావా?"

"కాచినా అక్కా."

"దేంట్లో?"

"స్టీలు తపేలాలో."

"నిలవ పెట్టినావా?"

"లేదు. చల్లారినంక సీసాలో పోసినా."

కాసేపు ఆలోచించింది. "సగం నువ్వు తాగు," అంది.

నేను సగం తాగాను. మిగిలిన సగం ఆమె తాగింది. ఆ రోజుకు ఆమెకు ఇవ్వాల్సిన నీళ్ళలో అదే చివరిది. మరి రెండు మూడు రోజులే ఉంది.

ఇది రాస్తున్నది 1983లో. నా చేయి బాగుంది. ముద్ర నిటారుగా పడుతోంది. మస్తాన్ సాయబు చేయి పూర్తిగా రాలేదు. కళాయి మానేశాడు, కొడుకు పెట్టిన గొడుగులు బాగుచేసే అంగడిలో కూర్చుంటున్నాడు. కనకమ్మ ఇప్పుడు నీళ్ళు కాచి తాగుతోంది. ఎందుకని అడిగితే, "మీ అక్కకి మాటిచ్చినా," అంటుంది. ఎప్పుడు ఇచ్చిందో నాకు తెలియదు.

ఇలాంటి జబ్బు ఇంకో ఇంట్లో ఉండవచ్చు కాబట్టి కొన్ని మాటలు చెప్తాను. నీళ్ళు కాచడం మంచిదే. క్యాండిలు ఫిల్టరు మంచిదే. రెండూ బావను చంపిన రోగాన్ని ఆపడానికి పుట్టినవి. నీళ్ళలో కరిగిన సీసాన్ని తీసే శక్తి ఆ క్యాండిళ్ళకు లేదు. ఎంత శుభ్రంగా రుద్దినా రాదు. అందువల్ల వడపోత కంటే ముందు పాత్రను చూసుకోవాలి. ఎవరు, ఏ లోహంతో పూశారో తెలియని కళాయి గిన్నెలో నీళ్ళు కాచకూడదు, నిలవ ఉంచకూడదు, పులుపు అసలే వేయకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే నొప్పి వస్తే, ఇద్దరూ ఒకే డాక్టరు ముందు కూర్చోవాలి. మాకు అది ఆలస్యమైంది.

ఫిల్టరు ఇంకా వంటింట్లో అదే చోట ఉంది. దాన్ని పారేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అది చేయగలిగిన పని అది చేస్తూనే ఉంది. అండా పెరట్లో గోడ పక్కన బోర్లించి ఉంది. లోపలి తెలుపు కనిపించదు.

నీళ్ళు నేను సాయంత్రం రైలు దిగి వచ్చాక కాచుకుంటాను, ఒక మనిషికి సరిపడా. ఉదయం ఐదున్నరకు మా ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదు.